ఎండకాలం తొట్టిలో గోల్డ్ ఫిష్‌కు మేత: ఎంత, ఎప్పుడు, ఎప్పుడు ఆపాలి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లల్లో గోల్డ్ ఫిష్ ఇప్పుడు గాజు పెట్టె దాటి బయటికి వచ్చింది. వాకిట్లో సిమెంటు గోలెం, డాబా మీద సగానికి కోసిన నీళ్ల ట్యాంకు, పెరట్లో పాత కుడితి తొట్టి, ఏదైనా సరే వాటికి ఇల్లే. అలా బయట పెంచే చేపలు రోగంతో చచ్చేకన్నా మేతతో చచ్చేవే ఎక్కువ. అదీ ఆకలితో కాదు, ఎక్కువై. ప్యాకెట్ మీద రాసే సూచనలు ఇంట్లో, మోటారు తిరిగే గాజు తొట్టికి సరిపోతాయి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలే గోలెం లెక్క వేరు.

మొదట తెలుసుకోవలసింది: గోల్డ్ ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు. గొంతు దాటిన మేత నేరుగా పేగులోకి పోతుంది. దాచుకునే సంచి లేదు కాబట్టి అది కొద్దికొద్దిగా ఎప్పుడూ తింటూనే ఉండాలని చూస్తుంది. మనిషి నీడ పడగానే ఎగబడి నోరు తెరుస్తుంది. పది నిమిషాల కింద తిన్నా అంతే. ఆ నోరు చూసి మేత వేస్తే తొట్టి చెడినట్టే. చూడాల్సింది నీళ్లను.

వేడి నీళ్లలో ఏం జరుగుతుంది

20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే పది డిగ్రీలు పెరిగేసరికి చేప ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు దాదాపు రెండింతలవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిందన్నమాట. పైగా తిన్నది అరిగించుకోవడానికి మరికొన్ని గంటలు అదనపు ఆక్సిజన్ కావాలి. అందుకే ఎండకాలంలో మేత వేయడమంటే చేప మీద బరువు పెట్టడమే.

రెండోది అమ్మోనియా. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత 1 గ్రాము తింటే చివరికి దాదాపు 32 మిల్లీగ్రాముల అమ్మోనియా నీళ్లలోకి వస్తుంది. 25 గ్రాముల చేపలు నాలుగు, 200 లీటర్ల గోలెం అనుకుందాం. రోజుకు 2 గ్రాములు వేస్తే 64 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 0.32. ఇందులో చేపను కాల్చే భాగం కొంతే. అది ఎంతన్నది వేడి మీద, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) మీద ఉంటుంది. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో 20 డిగ్రీలకు ఆ భాగం 4 శాతం లోపే. 30 డిగ్రీలకు ఏడున్నర శాతం. లెక్క కడితే లీటరుకు 0.024 మిల్లీగ్రాములు. ఇది 0.02 దాటకూడదని చేపలు పెంచేవాళ్లు గీసుకునే గీత. అంటే మొక్కలు, ఫిల్టరు లేని గోలెంలో ఒక్క రోజు మేతకే గీత దాటుతున్నాం.

పచ్చబారిన గోలెంలో ఇంకో చిక్కు ఉంది. ఎండకు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా ఎక్కవచ్చు. అక్కడ 30 డిగ్రీలకు విషపు భాగం 45 శాతం. పొద్దున బాగున్న చేపలు సాయంత్రానికి మొప్పలు ఎర్రబారి మూలకు చేరాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రోజుకు ఎంత

అంచనా పనికిరాదు, తూకం వేయండి. నగల తూకానికి వాడేలాంటి చిన్న డిజిటల్ కాంటా చాలు. కాంటా మీద నీళ్లున్న డబ్బా పెట్టి సున్నా చేయండి. చేపను తడి చేతులతో, లేదా మెత్తటి వలతో తీసి, కారే నీటిని ఒక్క క్షణం వదిలి, అందులో వేయండి. కనిపించే అంకె చేప బరువు. ప్రతి చేపనూ తూచక్కర్లేదు, రెండు మూడింటిని తూచి సగటు తీసుకోండి. ఆరు నెలలకోసారి చేస్తే చాలు. ఎండకాలం మధ్యాహ్నం మాత్రం ఈ పని పెట్టుకోకండి.

మేతనూ ఒకసారి తూచండి. ఇంట్లో వాడే టీ స్పూను గీత దాకా నింపితే ఎన్ని గ్రాములో గింజల సైజును బట్టి మారుతుంది. ఒకసారి తూచి డబ్బా మూత మీద మార్కర్‌తో రాసిపెట్టుకుంటే ఇంట్లో ఎవరు వేసినా కొలత తప్పదు.

ఇక నీటి వేడిని బట్టి రోజు మొత్తం మేత. తొట్టి నీళ్లు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే చేపల మొత్తం బరువులో 1 శాతం, ఒక్కసారి. 22 నుంచి 28 దాకా 2 శాతం, రెండు మూడు విడతల్లో. చేపకు ఒళ్లు పట్టేది ఈ వేడిలోనే. 28 దాటితే ఒకటిన్నర శాతం. 31 దాటితే అర శాతం నుంచి 1 శాతం, అదీ పొద్దున మాత్రమే. 34 దాటిన రోజున ఏమీ వద్దు. 5 సెంటీమీటర్ల లోపు పిల్లలకు మాత్రం మంచి వేడిలో 3 నుంచి 4 శాతం, మూడు నాలుగు సార్లు వేయాలి. పెరిగే ఒళ్లు కదా.

ఈ వేడి కొలవడానికి థర్మామీటరును నీటి మీద తేలేయకుండా దారం కట్టి 20 సెంటీమీటర్ల లోతుకు దించండి. పైపొర ఎండకు ఎక్కువ చూపిస్తుంది.

రెండు నిమిషాల్లో తిన్నంత వేయాలన్న మాట అందరూ చెప్తారు. అది వేగం చూసుకోవడానికి పనికొస్తుంది కానీ కొలతగా తీసుకోకండి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్ ఫిష్ రెండు నిమిషాల్లో రోజుకు కావలసిన దానికి రెండింతలు మింగేయగలదు. తూచిన మేత రెండు నిమిషాల్లో అయిపోకపోతే ఏదో తేడా ఉందని అర్థం.

ఏ పూట వేయాలి

ఎండకాలం పొద్దున ఒకసారి, సాయంత్రం చల్లబడ్డాక ఒకసారి అని చాలామంది వేస్తారు. మన ఎండలకు ఆ సాయంత్రం పూటే తప్పు. గాలి చల్లబడింది కానీ నీళ్లు చల్లబడలేదు. తొట్టి నీళ్లు గాలి కన్నా ఆలస్యంగా వేడెక్కుతాయి, నాలుగు ఐదు గంటలప్పుడు వాటి వేడి పైమెట్టులో ఉంటుంది. అప్పుడు తిన్న మేత రాత్రంతా అరుగుతూ ఉంటుంది. చీకటి పడితే నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తానే పీల్చడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలకు తొట్టిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. రాత్రి బాగుండి పొద్దున తేలిన చేప కథ ఇదే.

కాబట్టి ఏప్రిల్ నుంచి మిరుగం దాకా మేత అంతా పొద్దున్నే ముగించండి. తెల్లవారగానే కాదు. ఎండ పొడ నీటి మీద పడి గంటయ్యాక, ఏడు, ఏడున్నరకు మొదటి విడత. రెండోది కావాలంటే తొమ్మిదిన్నర లోపు. ఆ తర్వాత డబ్బా మూత తీయొద్దు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రెండో విడత కూడా మానేసినా ఏ నష్టమూ లేదు. బక్కచిక్కిన చేప వానలు పడ్డాక కోలుకుంటుంది, ఊపిరాడక తేలిన చేప కోలుకోదు.

ముసురు పట్టిన రోజుల లెక్క ఇంకోటి. నాలుగు రోజులు ఎండ ముఖం కనిపించకపోతే నాచు పని చేయదు, పగలు కూడా ఆక్సిజన్ తక్కువే. నీళ్లు చల్లగా ఉన్నాయి కదా అని మామూలుగా వేస్తే దెబ్బతింటాం. మామూలు మేతలో సగం, పదకొండు, పన్నెండు గంటల మధ్య ఒకేసారి వేయండి. పెద్ద వాన పడి గోలెం పొంగి పారిన రోజు పూర్తిగా మానేయండి. నీటి వేడి, పీహెచ్ ఒక్కసారిగా మారి చేపలు అప్పటికే బెదిరి ఉంటాయి.

చలికాలం మనకు పెద్ద బాధ లేదు. డిసెంబరు, జనవరిలో తొట్టి నీళ్లు తెల్లవారుజామున 16, 18 డిగ్రీలకు దిగుతాయి. పన్నెండు నుంచి రెండు మధ్య, ఎండ బాగా తగిలాక, రోజుకు ఒక్కసారి. 10 డిగ్రీల లోపు మేత ఆపాలన్నది చల్లటి దేశాల వాళ్ల సూత్రం. మన గోలేలకు ఆ అవసరం దాదాపు రాదు.

ఏం వేయాలి

రోజువారీ మేతకు 30 నుంచి 35 శాతం ప్రొటీన్ ఉన్న గోల్డ్ ఫిష్ గింజలు సరిపోతాయి. పొట్టిగా గుండ్రంగా ఉండే ఒరాండా, రాంచు, ర్యూకిన్ లాంటివాటికి మునిగే గింజలే కొనండి. తేలే గింజల కోసం పైకి వచ్చి గాలి మింగితే వాటి ముద్ద శరీరం తలకిందులు కావచ్చు. తోక పైకి, తల కిందికి పెట్టి తేలే చేపను చూసే ఉంటారు. ఏ గింజలైనా తొట్టి నీళ్లలోనే ఒక స్పూనులో 5 నిమిషాలు నానబెట్టి వేయండి. ఎండు గింజ చేప పేగులో ఉబ్బే బదులు స్పూనులో ఉబ్బుతుంది. అంతకన్నా ఎక్కువ నానితే చెదిరి నీళ్లపాలవుతుంది.

మునిగే గింజలను చేత్తో చల్లొద్దు. అడుగున ఒక మట్టి మూకుడు పెట్టి, 1 అంగుళం పీవీసీ పైపు ముక్క నీటి పైనుంచి మూకుడు దాకా నిలబెట్టి, అందులోంచి జారవిడవండి. రెండు మూడు రోజుల్లో చేపలు మూకుడు చుట్టూ కాచుకుని ఉండడం నేర్చుకుంటాయి. మిగిలింది ఎంతో కళ్లకు కనిపిస్తుంది, పావుగంట తర్వాత మూకుడును మెల్లగా పైకి లేపి పారబోయవచ్చు. తేలే మేత అయితే ఎయిర్ పంప్ పైపు ముక్కను వలయంలా కలిపి నీటి మీద వేయండి, మేత అందులోనే వేయండి. గాలికి చెదిరి అంచులకు అంటుకోదు.

మరమరాలు, అటుకులు, బ్రెడ్డు, అన్నం మెతుకులు వద్దు. కోనేట్లో చేపలకు వేస్తాం కదా అంటారు. కోనేరు లోతెంత, మీ గోలెం లోతెంత? అవన్నీ ఉత్త పిండి. నాని, పులిసి, నీళ్లను పాలలాగా తెల్లగా చేస్తాయి. చెరువుల్లో బొచ్చె, రవ్వలకు వేసే తవుడు, పల్లి చెక్క కూడా అంతే. చెరువులో ఆ మేత సగం నీటిని సారవంతం చేయడానికే. గోలెంలో అదే కుళ్లు. పల్లి చెక్కకు వానకాలంలో బూజు పడితే అందులో చేరే విషం చేప కాలేయాన్ని తినేస్తుంది, అది కంటికి కనిపించదు.

వారానికి రెండు సార్లు గింజల బదులు ఆకుకూర, కూరగాయ పెట్టండి. పచ్చి బఠానీని ఉడికించి, తొక్క తీసి, గోటితో నలిపి చేపకు ఒకటి. కీర దోస ముక్కను వేడినీళ్లలో 1 నిమిషం ముంచి, దారం కట్టి వేలాడదీసి, రెండు గంటలకు తీసేయండి. రాత్రంతా ఉంచితే ఆ కీరే కుళ్లి పొద్దున ఆక్సిజన్ తింటుంది.

నీటి మీద తేలి పెరిగే చిన్న మొక్క అజోల్లా కూడా మంచి మేత, పాడి ఉన్న రైతుల దగ్గర గుప్పెడు అడిగితే ఇస్తారు. కానీ వాళ్ల అజోల్లా మడిలో పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. తెచ్చినదాన్ని మూడు నీళ్లు మార్చి కడిగి, వేరే బకెట్‌లో గంటసేపు ఉంచాకే తొట్టిలో వేయండి. నీటి పైభాగంలో మూడో వంతు మించనీయొద్దు. చాప పరిచినట్టు కమ్ముకుంటే గాలి నీటికి తగలదు. మే ఎండకు అజోల్లా ఎర్రబారుతుంది, అప్పుడు నీడకు చేర్చండి.

ప్రాణమున్న మేతల్లో ఎర్రలు (వానపాములు) బాగా నచ్చుతాయి. ఎరువు వేయని తడి మట్టిలోవి తీసి, కడిగి, బ్లేడుతో చిన్న ముక్కలు చేసి వారానికొకసారి పెట్టొచ్చు. మోరీల్లో దొరికే ట్యూబిఫెక్స్ ఎర్ర పురుగులు ఎంత చౌకయినా వద్దు, మురికితోపాటు రోగాన్నీ తెస్తాయి. నీటి పురుగులు పెంచుకోవాలంటే డాఫ్నియా కన్నా మొయినా మేలు. డాఫ్నియా మన ఎండకు నిలవదు, మొయినా 30 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది. 20 లీటర్ల పచ్చనీళ్ల బకెట్ సగం నీడలో పెట్టి, దోమ పడకుండా గుడ్డ కట్టి, రోజూ నాలుగో వంతు వలతో వడకట్టి చేపలకు వేయండి.

దోమ లార్వాను గోల్డ్ ఫిష్ ఇష్టంగా తింటుంది. అందుకని వేరే బకెట్‌లో దోమలను పెంచడం డెంగీని పిలవడమే. తొట్టిలో పడ్డవాటిని తిననివ్వండి చాలు. ఒక చిన్న పరీక్ష: పొద్దున తొట్టిలో లార్వా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంటే మీ చేపలకు మేత ఎక్కువవుతోందని అర్థం. అలాగని లార్వా కోసం గంబూసియా చేపలను తెచ్చి ఇందులో కలపొద్దు, అవి గోల్డ్ ఫిష్ తోకలను కొరికి పీలికలు చేస్తాయి.

ఎండకు కరగని ముద్ద

ఇంట్లో మేత చేసుకునేవాళ్లు జెలాటిన్‌తో గట్టిపరుస్తారు. మన ఎండకాలపు తొట్టిలో అది పనికిరాదు. జెలాటిన్ 30 డిగ్రీలు దాటితే మెత్తబడి కరుగుతుంది, చేప నోటికి చేరకముందే నీళ్లలో కలిసిపోతుంది. దాని బదులు కిరాణా కొట్టులో చైనా గ్రాస్ పేరుతో అమ్మే అగర్ అగర్ వాడండి. ఒకసారి గట్టిపడితే 80 డిగ్రీల దాకా కరగదు.

తొక్క తీసిన ఉడికిన బఠానీ 100 గ్రాములు, ఉడికిన క్యారెట్ 50 గ్రాములు, ఉప్పూ నూనె లేకుండా ఉడికించిన రొయ్యలు లేదా ముల్లు తీసిన చేప 100 గ్రాములు కలిపి మిక్సీలో మెత్తగా చేయండి. రొయ్య, చేప పచ్చివి వేయొద్దు. కొన్నింట్లో విటమిన్ బీ1ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 6 గ్రాముల అగర్ పొడి వేసి, కలుపుతూ 2 నిమిషాలు మరిగించి దించండి. వేలు ఒక్క క్షణం పెట్టగలిగేంత వేడికి వచ్చాక రుబ్బిన ముద్ద, దంచిన గింజల పొడి 50 గ్రాములు వేసి గబగబా కలపండి. ముద్ద మరీ చల్లగా ఉండకూడదు. అగర్ 40 డిగ్రీల లోపు గట్టిపడిపోతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్ద వేస్తే కలవకముందే గడ్డలు కడుతుంది. పళ్లెంలో అర అంగుళం మందం పోసి, ఆరాక చాకుతో గళ్లు కోసి, ఫ్రీజర్‌లో పెట్టండి. నెల దాకా ఉంటుంది. పెట్టేముందు చేప కన్ను కన్నా పెద్దది కాకుండా తరగండి. ఇందులో సగానికి పైగా నీరే కాబట్టి గింజల తూకానికి మూడింతలు వేయొచ్చు.

మేత డబ్బా సంగతి

పెద్ద ప్యాకెట్ చౌక అని కిలో కొనొద్దు. మూత తీసిన రోజు నుంచి రెండు మూడు నెలల్లో అయిపోయేంతే తెచ్చుకోండి. పైన చెప్పిన నాలుగు చేపలకు రోజుకు 2 గ్రాముల లెక్కన 100 గ్రాములు యాభై రోజులు వస్తాయి. డాబా మీద, తొట్టి పక్కన డబ్బా ఉంచితే ఆ వేడికి కొవ్వు ముక్కిపోతుంది, విటమిన్ సీ పోతుంది. పాత నూనె వాసన వస్తే పారేయండి. పదిహేను రోజులకు సరిపడా చిన్న సీసాలో తీసి, మిగతాది గాలి చొరకుండా కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరవొద్దు. లోపల చెమ్మ పట్టి వానకాలంలో రెండు రోజుల్లో బూజు వస్తుంది. గంటసేపు బయట ఉంచి తెరవండి.

తేడా వచ్చినప్పుడు

నీటి మీద నురగ వచ్చి, చిటికెన వేలితో తాకినా పగలకపోతే ప్రొటీన్ ఎక్కువైంది. నీళ్లు తెల్లగా మసకబారితే కుళ్లు మొదలైంది. చేప వెనక తెల్లటి దారంలా రెట్ట వేలాడుతుంటే ఒక రోజు పస్తు, మరునాడు బఠానీ. తెల్లవారి చేపలన్నీ పైకి వచ్చి గాలి గుటకలేస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఎయిర్ పంప్ పెట్టండి, కరెంటు లేకపోతే చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తునుంచి పోస్తూ ఉండండి. నాలుగో వంతు నీళ్లు అడుగునుంచి పైపుతో లాగేసి, అదే వేడి ఉన్న నీళ్లు మెల్లగా పోయండి. బోరు నీళ్లయితే బకెట్‌లో కాసేపు చిలకండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు ముందే పట్టి మూత లేకుండా ఉంచినవి కావాలి, ఎండకాలంలో ఇలాంటి బకెట్ ఒకటి ఎప్పుడూ నింపి పెట్టుకోవడం మంచిది. రెండు రోజులు మేత బంద్.

కొత్తగా నీళ్లు పోసిన గోలెంలో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఇంకా పుట్టి ఉండదు. మొదటి నెలంతా పైన చెప్పిన లెక్కలో నాలుగో వంతే వేయండి. కొత్త చేపలు తెచ్చిన ఉత్సాహంలో అందరం ఎక్కువ వేసేది కూడా సరిగ్గా అప్పుడే.

గోలెం మీద 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్ కడితే మధ్యాహ్నపు నీటి వేడి తగ్గి, మేత వేయగలిగే రోజులు పెరుగుతాయి. బీర పాదో, సొర పాదో పందిరి ఎక్కించినా అంతే. మేత వేళకు చేపలన్నీ పైకి వస్తాయి కాబట్టి లకుముకిపిట్ట, పిల్లి, కోతి కూడా ఆ వేళే నేర్చుకుంటాయి. మేత వేసి వెంటనే వల మూయండి.

ఊరికి పోవాల్సి వస్తే దిగులు వద్దు. మేడారం పోయి నాలుగు రోజులకు వచ్చినా పెద్ద చేపలకు మేత అక్కర్లేదు, వారం కూడా ఓర్చుకుంటాయి. అంతకన్నా ఎక్కువైతే పక్కింటివాళ్లకు అప్పజెప్పండి, డబ్బా కాదు. రోజు విడిచి రోజు లెక్కన తూచిన మేతను కాగితంలో చిన్న పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసి ఇవ్వండి. డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్లండి.